చెరువు నిండక ముందే పుట్టిని చూసుకోండి



పొలం పని ముగించుకొని, ఇంట్లో వాళ్ళకు అన్నాలు పెట్టి, పలక పట్టుకొని వచ్చినారు. చాలా సంతోషం. ఈ రోజు మనం పుట్టి గురించి మాట్లాడుకుందాం.

పుట్టి అంటే మీకు తెలుసు. గుండ్రంగా బుట్ట మాదిరి ఉండే చిన్న పడవ. కొందరు అరిగోలు అంటారు. దీన్ని వెదురు బద్దలతో అల్లుతారు. వెనకటి కాలంలో అడుగున తోలు కుట్టేవాళ్ళు. ఇప్పుడు యూరియా సంచులు గానీ, టార్పాలిన్ పట్ట గానీ వేసి, పైన తారు పూస్తారు. తారును మన పక్క డాంబరు అంటాం.

"కరువు సీమలో పడవ మాటలు ఎందుకప్పా?" అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. మన అనంతపురం పక్క ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా వాన పడుతుంది. అదీ అన్ని ఏండ్లూ పడదు. చెరువులు ఏండ్ల తరబడి ఎండిపోతాయి. కానీ నీళ్ళు వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తాయి. 2021 నవంబరు వానలు మీకు గుర్తున్నాయి కదా? చాలా చెరువులు మరువ పారినాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు మన జిల్లాకు వస్తాయి. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు జీడిపల్లికి వచ్చినాయి. నీళ్ళు వస్తే చేపలు వస్తాయి. చేపలు వస్తే పుట్టి బయటికి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సముద్రం పక్కన పడవ రోజూ నీళ్ళలో ఉంటుంది. మన పుట్టి ఏండ్ల తరబడి ఎండలో ఉంటుంది. పైకి చూస్తే బాగానే కనపడుతుంది. లోపల ఏమైందో ఎవరికీ తెలీదు.

ఒక ఊరి సంగతి చెప్తా వినండి.

ఆ ఊరి చెరువు ఆరేండ్లు ఎండిపోయింది. ఒక అక్క ఇంటి ముందర పుట్టి బోర్లా పడి ఉండేది. దాని కింద కోళ్ళు పడుకునేవి. పిల్లోళ్ళు పైకెక్కి ఆడుకునేవాళ్ళు. ఏడో ఏడు పెద్ద వాన వచ్చింది. రెండు రాత్రుల్లో చెరువు నిండింది. ఊరంతా సంబరం. ఆ అక్క భర్త అప్పు చేసి కొత్త వల తెచ్చినాడు. పుట్టి మీద దుమ్ము కూడా తుడవలేదు. ఆదరాబాదరాగా దాని మీదనే తారు పూసి నీళ్ళలో దించినాడు.

మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు చెరువు నడిమికి పోయినాక అడుగున తారు ఊడింది. నీళ్ళు ఎక్కినాయి. చేతికి దొరికిన ఖాళీ నూనె క్యాను పట్టుకొని ఆయన ఎట్లనో గట్టుకు వచ్చినాడు. మనిషి దక్కినాడు. వల పోయింది. వల కోసం చేసిన అప్పు మాత్రం పోలేదు.

ఆ అక్క తర్వాత నాతో ఒక మాట అన్నది. "కోడిపిల్లల్ని పట్టుకునేకి పుట్టి కింద తల దూర్చేదాన్ని. లోపల నక్షత్రాల మాదిరి ఎండ చుక్కలు కనపడేవి. ఆయనకు చెప్దామనుకున్నా. పడవ సంగతి మగోళ్ళది, మనకెందుకులే అని ఊరుకున్నా."

చూసినారా? బొక్కలు ఉన్న సంగతి ఆమెకు ముందే తెలుసు. నోరు తెరవలేదు. అంతే. అందుకే ఈ మాటలు మీకు చెప్తున్నా. పుట్టి ఎక్కేది మగవాళ్ళే కావచ్చు. కానీ ఇంటి ముందర పడి ఉన్న పుట్టిని రోజూ చూసేది మీరే.

ఇప్పుడు పని ఎట్ల చేయాలో ఒక్కొక్కటే చెప్పుకుందాం.

మొదటిది, శుభ్రం చేయడం. పుట్టిని ఎత్తేటప్పుడు చేతులు ఊరికే కింద పెట్టవద్దు. కింద తేళ్ళు, పాములు ఉండవచ్చు. ముందు కట్టెతో తట్టండి. ఒక పక్క కట్టెతో పైకి లేపి చూడండి. తర్వాత చీపురుతో లోపలా, బయటా దుమ్ము ఊడ్చండి. దుమ్ము మీద తారు అంటుకోదు. ఆ అక్క ఇంట్లో జరిగింది ఇదే.

రెండోది, వెదురు చూడడం. ప్రతి బద్దనూ బొటనవేలితో నొక్కండి. పిండి మాదిరి పొడి రాలితే పురుగు తొలిచిందని అర్థం. మట్టి గీతలు కనపడితే చెదలు పట్టినాయని అర్థం. వంచితే చిట్లే బద్ద పనికిరాదు. కొత్త బద్దను ఒక రోజు నీళ్ళలో నానబెట్టండి. నానితే విరగకుండా వంగుతుంది. దాన్ని పాత బద్ద పక్కన దూర్చి, అంచు దగ్గర గట్టిగా కట్టాలి. అంచు కట్లు అన్నిటికంటే ముఖ్యం. పుట్టికి బలం అంచులోనే ఉంది.

మూడోది, బొక్కలు వెతకడం. ఇది మీ పని. మిట్టమధ్యాహ్నం పుట్టిని బోర్లా పెట్టించండి. ఒక పక్క రాయి పెట్టి ఎత్తుగా ఉంచండి. మీరు లోపలికి తల పెట్టి పైకి చూడండి. ఎక్కడ ఎండ చుక్క కనపడుతుందో అక్కడ బొక్క ఉంది. ఎండ దూరిన చోట నీళ్ళు కూడా దూరుతాయి. ఇంకొకరు బయట నిలబడి ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఊరికే గుర్తు కాదు. అంకె వేయండి. 1, 2, 3 అని వరసగా వేయండి. చివరి అంకె ఎంతో మీ నోటుబుక్కులో రాసుకోండి.

నాలుగోది, పాత తారు గీకడం. పగిలి, పెచ్చులు లేచిన తారును కొడవలి వెనక పక్కతో మెల్లగా గీకేయండి. పట్ట చినగకుండా చూసుకోండి. తడి ఉంటే బాగా ఆరనివ్వండి.

ఐదోది, మాసిక వేయడం, తారు పూయడం. బొక్క కంటే నాలుగు వేళ్ళు పెద్దదిగా గుడ్డ గానీ, సంచి ముక్క గానీ కత్తిరించండి. కింద తారు పూసి, ముక్క అంటించి, దాని మీద మళ్ళీ తారు పూయాలి. అన్ని మాసికలూ అయినాక మొత్తం అడుగు భాగానికి ఒక పూత వేయాలి. అది ఆరినాక రెండో పూత.

ఇక్కడ ఒక హెచ్చరిక. తారు కాచేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో కాచవద్దు. పూరి కొట్టం పక్కన కాచవద్దు. బయట, గాలి తక్కువ ఉన్నప్పుడు కాచండి. పిల్లోళ్ళను దగ్గరికి రానీయవద్దు. తారు డబ్బాలో నీళ్ళ చుక్క కూడా ఉండకూడదు. నీళ్ళు పడితే కాగిన తారు చిటపటమని మీదికి ఎగురుతుంది. పొగ ఎక్కువ వస్తే మంట తగ్గించండి. తారు అంటుకొని మండితే నీళ్ళు పోయవద్దు. మట్టి చల్లండి. అందుకోసం ముందే ఒక గంప మట్టి పక్కన పెట్టుకోండి.

కాగిన తారు చేతి మీద పడితే ఏం చేయాలి? వెంటనే మామూలు చల్లని నీళ్ళు 20 నిమిషాల పాటు పోస్తూ ఉండండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. తర్వాత చేయి వాస్తే అవి రావు. అంటుకున్న తారును పీకవద్దు. పీకితే చర్మం ఊడి వస్తుంది. పేస్టు, సిరా, పసుపు ఏమీ పూయవద్దు. ఆసుపత్రికి తీసుకుపోండి. 108కి ఫోన్ చేయండి.

ఆరోది, పరీక్ష చేయడం. తారు బాగా గట్టిపడినాక పుట్టిని చెరువు దగ్గరికి తీసుకుపోండి. చిన్న పుట్టి అయితే మనిషి నెత్తిన పెట్టుకొని పోతాడు. పెద్దదైతే ఎద్దుల బండి మీదనో, లగేజీ ఆటోలోనో పోతుంది. దారిలో ముళ్ళకంపలు, ఇనుప చువ్వలు తగలకుండా చూసుకోండి. తగిలితే చేసిన పనంతా పోతుంది.

మోకాళ్ళ లోతు నీళ్ళలో దించండి. మొదట మనిషి ఎక్కకూడదు. ఇసుక సంచులు ఎక్కించండి. ఇద్దరు ఎక్కే పుట్టి అయితే ఇద్దరి బరువుకు సరిపడా పెట్టండి. అడుగున పొడి పాత పేపర్లు పరవండి. గంట సేపు ఆగండి. పేపరు ఎక్కడ తడిస్తే అక్కడ ఇంకా బొక్క ఉందన్నమాట. మళ్ళీ గట్టుకు తెచ్చి, ఆరబెట్టి, మాసిక వేయాలి. "చిన్న తడే కదా" అనవద్దు. గట్టు దగ్గర చిన్న తడి, చెరువు నడుమ పెద్ద నీళ్ళవుతుంది.

ఏడోది, ఎక్కేటప్పుడు జాగ్రత్త. పుట్టిలో నిలబడవద్దు. ఒకే పక్క అందరూ కూర్చోవద్దు. నీళ్ళకూ అంచుకూ మధ్య కనీసం ఒక జానెడు ఎడం ఉండాలి. అంతకంటే తగ్గితే ఒకరు దిగిపోవాలి. నీళ్ళు తోడేకి ఒక చెంబు, ఒక తాడు, రెండు తెడ్లు ఉండాలి. లైఫ్ జాకెట్టు ఉంటే అన్నిటికంటే మంచిది. అది లేకపోతే మూత గట్టిగా బిగించిన ఖాళీ క్యాన్లు తాడుతో కట్టి పెట్టుకోవాలి. గాలి ఎక్కువ ఉన్న రోజు పోవద్దు. తూము దగ్గరికి, మరువ దగ్గరికి పోవద్దు. అక్కడ నీళ్ళు లాగేస్తాయి. తాగి ఉన్నవాళ్ళను ఎక్కించవద్దు.

ఈ పుట్టి నిన్నా మొన్నటిది కాదు. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన హంపీకి వచ్చినాడు. అప్పుడు రాజు శ్రీకృష్ణదేవరాయలు. తుంగభద్ర మీద తిరిగే పుట్లను పేస్ చూసినాడు. అవి బుట్టల మాదిరి గుండ్రంగా ఉన్నాయనీ, పైన తోలు వేసి ఉన్నాయనీ, పదిహేను ఇరవై మంది ఎక్కుతారనీ, గిర్రున తిరుగుతూ పోతాయనీ రాసి పెట్టినాడు. ఆయన రాసినందువల్లనే 500 ఏండ్ల తర్వాత మనకు ఆ సంగతి తెలిసింది. చూడండి, రాతకు ఎంత బలముందో!

దూర దేశాల్లో కూడా ఇట్లాంటి పడవలు ఉన్నాయి. ఇరాక్ దేశంలో టైగ్రిస్ నది మీద బుట్ట పడవలకు మన మాదిరే తారు పూసేవాళ్ళు. కొన్ని దేశాల్లో తెరచాప పడవను చక్రాల బండి మీద ఇంటికి తెచ్చుకుంటారు. చలికాలమంతా ఇంటి దగ్గర ఉంచుతారు. మళ్ళీ నీళ్ళలో దించే ముందు అడుగు చూస్తారు, తాళ్ళు చూస్తారు, బొక్కలు పూడుస్తారు. వాళ్ళకు చలికాలం ఎట్లనో మనకు కరువు కాలం అట్ల. ఎక్కడైనా మాట ఒకటే. ఊరికే పడి ఉన్న పడవను చూడకుండా నమ్మకూడదు.

కరువు రోజుల్లో కూడా పుట్టిని మరవకండి. నేల మీద పెట్టకుండా నాలుగు రాళ్ళ మీద పెట్టండి. చెదలు తొందరగా ఎక్కవు. చెట్టు నీడలో ఉంచండి. ఎండకు తారు పగులుతుంది, పట్ట చివికిపోతుంది.

ఇంకొక మాట. మీ ఊరి మత్స్యకారుల సహకార సంఘం పుస్తకంలో మీ ఇంటివాళ్ళ పేరు ఉందా? చదువు వచ్చింది కదా, మీరే పోయి చదవండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద, ప్రమాదంలో చనిపోయిన మత్స్యకారుని కుటుంబానికి 5 లక్షల రూపాయల బీమా పెట్టినారు. పేరు నమోదు కాకపోతే బీమా రాదు. ఈ ఏడాది బీమా సంగతి ఏమిటో సంఘంలో అడగండి. ఆడవాళ్ళు కూడా సంఘంలో సభ్యులు కావచ్చు. అదీ అడగండి.

చివరగా మళ్ళీ ఆ అక్క సంగతి. ఆమె తర్వాత రాత్రి బడికి వచ్చింది. అంకెలు నేర్చుకుంది. చెరువుకు మళ్ళీ నీళ్ళు వచ్చిన ఏడు, వేరే పాత పుట్టి ఒకటి కొన్నారు. ఆమే లోపలికి తల పెట్టి చూసింది. కూతురు బయట సుద్దముక్కతో అంకెలు వేసింది. మొత్తం 9 వచ్చినాయి. ఆ అక్క గోడ మీద 9 అని రాసింది.

సాయంత్రం భర్త మాసికలు వేసి, "అయిపోయింది, రేపు దించుదాం" అన్నాడు. ఆ అక్క ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టింది. 8 మాసికలే ఉన్నాయి. "గోడ మీద తొమ్మిది ఉంది. తొమ్మిదోది ఏదీ?" అని అడిగింది. ఆయన మొదట విసుక్కున్నాడు. "నువ్వు రాసింది తప్పేమో" అన్నాడు. ఆమె వదలలేదు. దీపం తెచ్చి ఇద్దరూ వెతికినారు. అంచు కట్టు కింద, మడతలో ఉంది తొమ్మిదోది. సుద్ద గుర్తు చెరిగిపోయింది. బొక్క మాత్రం అట్లనే ఉంది.

ఈసారి ఆమె ఊరుకోలేదు. అదీ తేడా.

అక్కలారా, ఈ ఏడు మాటలు మీ నోటుబుక్కులో రాసుకోండి. ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించండి.

1. దుమ్ము ఊడ్చాలి.
2. వెదురు నొక్కి చూడాలి.
3. ఎండలో బొక్కలు వెతికి అంకెలు వేయాలి.
4. పాత తారు గీకాలి.
5. మాసిక వేసి రెండు పూతలు పూయాలి.
6. ఇసుక సంచులతో పరీక్ష చేయాలి.
7. జానెడు అంచు పైకి ఉంటేనే ఎక్కాలి.

చెరువు ఎప్పుడు నిండుతుందో మన చేతిలో లేదు. పుట్టిని చూసుకోవడం మన చేతిలో ఉంది.