హార్డ్‌డిస్కు చెడిపోవు వేళ

మన లాప్‌టాపులలోని హార్డ్‌డిస్కునందు అద్దమువంటి పళ్ళెములు సాధారణముగా నిమిషమునకు 5400 సార్లు తిరుగుచుండును. వానిపై వ్రాతను చదువు హెడ్డు, వెండ్రుక మందములో వేయవవంతైనను లేని ఎత్తున, తాకక తేలుచుండును. తాకినచో వ్రాత చెరగును.

ఫైళ్ళు తెరచుకొనుటకు మిక్కిలి ఆలస్యమగుట, యంత్రము నడుమ నడుమ స్తంభించుట డిస్కు క్షీణించుచున్నదనుటకు గుర్తులు కావచ్చును. అట్టి తరుణమున మనము మరమ్మతునకు తొందరపడుదుము. కాని మరమ్మతు ప్రోగ్రాములు డిస్కునంతయు గాలించి, మిగిలిన ఆయువును హరింపవచ్చును. మొదట వేరొక డిస్కులోనికి నకలు తీసికొందము. అందును మరల సంపాదింపరాని ఇంటి ఫోటోలు, మన స్వంత వ్రాతలు ముందు. మరల దొరకు ప్రోగ్రాములు, సినిమాలు పిదప. అటుపిమ్మట క్రొత్త డిస్కు వేయించుకొందము.

టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చుచున్నచో నకలు ప్రయత్నమును మాని, వెంటనే యంత్రము నాపి, దుమ్ములేని గదిలో పనిచేయు నిపుణులకు అప్పగింపవలెను. అది వ్యయముతో కూడిన పని. ఫలితము నిశ్చయము కాదు. కావున డిస్కు చక్కగా నడచుచున్ననాడే రెండవ ప్రతిని వేరొక చోట భద్రపరచుకొందము.