సూరత్ హెడ్మాస్టరు రాసిన చరిత్ర నవల
(సూరత్‌లోని ఆల్థాన్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



చరిత్ర నవల అనగానే మనకు నోరి నరసింహశాస్త్రిగారు, అడివి బాపిరాజుగారు, విశ్వనాథవారు గుర్తొస్తారు. ఈరోజు వాళ్ల గురించి ఎక్కువ మాట్లాడను. మనం అన్నం తింటున్న ఈ ఊళ్లోనే పుట్టి, గుజరాతీలో మొట్టమొదటి స్వతంత్ర నవల రాసిన మనిషి గురించి చెప్తాను. ఆయన పేరు నందశంకర్ తుళజాశంకర్ మెహతా. నవల పేరు ‘కరణ్ ఘేలో’, అంటే వెర్రి కర్ణుడు. అచ్చయింది 1866లో. తెలుగులో నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారి ‘శ్రీరంగరాజ చరిత్రము’ వచ్చింది ఆ తరవాత ఆరేళ్లకు.

నందశంకర్ 1835లో సూరత్‌లో ఒక నాగర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఇక్కడి ఇంగ్లీషు స్కూల్లో చదివి, అక్కడే పంతులుగా చేరి, 1858లో హెడ్మాస్టరయ్యారు. ఆ కుర్చీలో అంతకుముందు భారతీయుడెవరూ కూర్చోలేదు. కవి నర్మద్, విమర్శకుడు నవల్‌రామ్ ఆయన సమకాలికులు, ఈ ఊరివాళ్లే. ముగ్గురి పేర్లూ ‘న’తోనే మొదలవుతాయి కాబట్టి గుజరాతీలు ఈనాటికీ వాళ్లను కలిపే తలుచుకుంటారు. ఒక ఊళ్లో, ఒకే తరంలో అలాంటి ముగ్గురు పుట్టడం మామూలు సంగతి కాదు. మనవైపు వెతికితే కందుకూరి నాటి రాజమండ్రి గుర్తుకొస్తుంది.

ఆయన ఏం చదివారు? వాల్టర్ స్కాట్‌ను చదివారు. బుల్వర్ లిట్టన్‌ను చదివారు. విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు రస్సెల్ దొర ఇంగ్లీషు నవలల పద్ధతిలో గుజరాతీలో ఒకటి రాయమని అడిగితే కలం పట్టారు. మన చెట్టిగారి నవల వెనకా మేయో ప్రభువు ప్రకటించిన బహుమానం ఉంది. దొర అడిగాడనో, బహుమానం ఉందనో ఈ పుస్తకాలను తక్కువ చేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అడిగింది ఎవరైనా, ఏం చెప్పాలన్నది రచయితే తేల్చుకోవాలి. నందశంకర్ ముందు సోమనాథ్ విధ్వంసం ఉంది, చాంపానేర్ పతనం ఉంది. ఆయన అప్పటి గుజరాత్ రాజధాని పాటణ్ చివరి రాజపుత్ర రాజు కర్ణ వాఘేలాను ఎంచుకున్నారు.

ముడిసరుకు ఎక్కడిదంటే, అలెగ్జాండర్ ఫోర్బ్స్ అనే అధికారి భాట్లు, చారణులు చెప్పుకునే కథలనూ జైన ప్రబంధాలనూ కూర్చి 1856లో ‘రాస్‌మాలా’ అచ్చువేశాడు. అప్పటిదాకా నోటిమీదా తాళపత్రాల్లోనూ ఉన్న గుజరాత్ చరిత్ర ఒక్కసారిగా చదువుకున్నవాడి బల్ల మీదికొచ్చింది. అది లేకపోతే ‘కరణ్ ఘేలో’ లేదు. స్కాట్ కథ నడపడం నేర్పాడు, ఫోర్బ్స్ కథను అందించాడు. విమర్శకులు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం మూడోది, అన్నిటికన్నా పెద్దది, సూరత్ అనిపిస్తుంది.

ఆలోచించండి. మొగలాయిల కాలంలో హజ్ ఓడలు బయల్దేరిన రేవు ఇది. నందశంకర్ పుట్టేనాటికి వ్యాపారం బొంబాయికి తరలిపోయింది. ఆయనకు రెండేళ్లప్పుడు, 1837లో, పెద్ద అగ్నిప్రమాదంలో ఊళ్లో వేల ఇళ్లు కాలిపోయాయి. అదే ఏడు తాపీ పొంగింది. ‘మన ఊరు ఒకప్పుడు ఎలా ఉండేదో’ అనే మాట మధ్య పెరిగిన పిల్లవాడాయన. ఇక నవల రాసిన కాలం చూడండి. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి ధర ఆకాశానికంటి, బొంబాయిలో, గుజరాత్‌లో వాటాల పిచ్చి పట్టుకున్న రోజులవి. 1865లో ఆ యుద్ధం ఆగింది, ధర పడింది, రాత్రికి రాత్రి షావుకార్లు దివాలా తీశారు. మరుసటేడు ‘కరణ్ ఘేలో’ వచ్చింది. ఒక్క తప్పుతో సర్వం పోగొట్టుకున్న రాజు కథ ఆనాటి సూరత్ పాఠకుడికి ఆరువందల ఏళ్ల కిందటి సంగతిలా అనిపించి ఉండదు.

కథ మీలో కొందరికి తెలుసు. మంత్రి మాధవుడు ఊళ్లో లేనప్పుడు అతని భార్య రూపసుందరిని రాజు బలవంతంగా తెప్పించుకుంటాడు. అడ్డొచ్చిన మాధవుడి తమ్ముడు కేశవుడు చనిపోతాడు. కేశవుడి భార్య గుణసుందరి రాజును శపించి చితి ఎక్కుతుంది. మాధవుడు పగతో ఢిల్లీ వెళ్లి అల్లాఉద్దీన్ ఖల్జీ సేనను పిలుచుకొస్తాడు. గుణసుందరి ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. సతి అప్పటికి చాలా ఏళ్ల కిందటే నేరమైంది. సంఘసంస్కరణ గాలి బలంగా వీస్తున్న ఊళ్లో ఉంటూ, ఇంగ్లీషు పాఠాలు చెప్పే హెడ్మాస్టరు ఆ చితి ముందు నిలబడి భయభక్తులతో రాశారు. ఆయన చదువు ఒకవైపు, ఆయన పెరిగిన ఇల్లు ఇంకొకవైపు లాగిన చోటది. నవలంతటిలో నాకు అన్నిటికన్నా నిజమనిపించే పేజీలవే.

ఒప్పుకోలేని సంగతీ ఒకటుంది. రాజు కామం వల్లే రాజ్యం కూలిందనడం కథకు బావుంటుంది, చరిత్రకు చాలదు. ఖంభాత్ రేవు సంపదా, ఢిల్లీ సైనికబలమూ కారణాలు కావా? బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’లోనూ వ్యక్తుల శౌర్యమే ముందుంటుంది. రాజు గుణదోషాల మీద రాజ్యాన్ని నిలబెట్టడం మన చరిత్ర నవలకు మొదటినుంచీ ఉన్న అలవాటు. భరూచ్‌లో పుట్టిన కె.ఎం. మున్షీ, 1948లో హైదరాబాదులో ఏజెంట్ జనరల్‌గా ఉన్నాయనే, డ్యూమాను చదివి పాటణ్ నవలలు రాసినప్పుడు రాజనీతికి ఎక్కువ చోటిచ్చారు. కానీ నందశంకర్‌లో ఉన్న దిగులు మున్షీలో నాకు కనిపించదు.

అంత మంచి నవల రాసినాయన మళ్లీ నవల రాయలేదు. రెవెన్యూలో చేరి అంక్లేశ్వర్‌లో మామ్లత్‌దారు అయ్యారు. తరవాత సంస్థానాల వ్యవహారాలు, కచ్ దివాన్‌గిరీ. 1905లో పోయారు. అంటే నవల వచ్చాక ముప్ఫై తొమ్మిదేళ్లు బతికారు. ఈ నష్టం నన్ను బాధిస్తుంది. నోరివారు రేపల్లెలో వకీలు పని చేస్తూనే ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ రాశారు కదా అనిపిస్తుంది. తాలూకా శిస్తు లెక్కల్లో, దర్బారు వ్యవహారాల్లో పడ్డ మనిషికి ఆ వెసులుబాటు దొరకలేదు.

ఇక ఈ కథ మనది కూడా ఎలా అయిందో చెప్పాలి. 1299 గుజరాత్ దండయాత్రలో ఖంభాత్‌లో పట్టుబడ్డ బానిసే మలిక్ కాఫూర్. అతనే ఖల్జీ సేనాని అయి 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించాడు. రాజ్యం పోయిన కర్ణుడు దేవగిరి దిక్కుకు పోయి, చివరికి తెలంగాణకు చేరితే కాకతీయ రాజు ఆశ్రయమిచ్చాడని 1350 ప్రాంతంలో ఇసామీ రాశాడు. 1323లో ఓరుగల్లు పడింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది. ఇక్కడి రాజుకు మన గడ్డ మీద నీడ దొరికింది, మన రాజు ప్రాణం ఈ పశ్చిమానికి పారే నది ఒడ్డున పోయింది. ఇద్దరూ ఓరుగల్లులో ఎదురుపడ్డారా? పడితే ఏం మాట్లాడుకున్నారు? చరిత్ర చెప్పదు. అక్కడే నవలాకారుడికి చోటు దొరుకుతుంది.

ఆ నవల రాయాలంటే ‘రాస్‌మాలా’ కావాలి, ఇసామీ కావాలి, కర్ణుడి కూతురు దేవలదేవి మీద అమీర్ ఖుస్రో రాసిన కావ్యం కావాలి, విలస శాసనం కావాలి, కాకతీయుల శాసనాలు కావాలి. ‘కరణ్ ఘేలో’ను గుజరాతీలోనే చదవగలగాలి. వరంగల్, కరీంనగర్ నుంచి మీ తాతలు తెచ్చుకున్న తెలుగూ కావాలి. కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బళ్లో చదివి, బజారులో గుజరాతీ మాట్లాడి, దుకాణాల బోర్డులు చదువుతూ పెరిగిన పిల్లలు ఈ హాల్లోనే ఉన్నారు. హైదరాబాదులో కూర్చున్న పండితుడికి లేని సౌకర్యం మీకుంది. ఇవాళే నవల రాయమనను. ముందు ‘కరణ్ ఘేలో’ మొదటి ప్రకరణం తెలుగులోకి తెచ్చి చూడండి. నా దగ్గరున్న ప్రతిని ఈ సభ నిర్వాహకులకు ఇచ్చి వెళుతున్నాను. ఎవరు మొదలుపెట్టినా, రాసింది నాకు పంపితే కూర్చుని చదువుతాను.