శిలపై లాటిన్ వాక్యము – గూఢార్థ విచారము
(ప్రసంగ పాఠము)



ఇంగ్లండు దేశమున స్టాఫర్డ్‌షైర్ మండలమందు షగ్‌బరో అను ప్రాచీన భవనము కలదు. దాని ఉద్యానవనమున ‘గొల్లల స్మారకము’ అని పేరొందిన శిలానిర్మాణ మొకటి నిలిచియున్నది. ఆ ఎస్టేటు యజమానియైన థామస్ ఆన్సన్ 18వ శతాబ్ది మధ్యభాగమున దానిని నిర్మింపజేసెను. 1743లో స్పెయిన్ దేశపు ధననౌకను పట్టుకొని, భూమండలమును చుట్టి 1744లో స్వదేశము చేరిన నౌకాసేనాని జార్జి ఆన్సన్ ఈతని తమ్ముడే.

స్మారకము నడుమ పీటర్ షీమేకర్స్ అను శిల్పి చెక్కిన చలువరాతి ఫలకము కలదు. అందొక సమాధి, దానిచుట్టు ముగ్గురు గొల్లలు, ఒక స్త్రీ. ఒక గొల్ల మోకరిల్లి సమాధిపై నున్న అక్షరములను వ్రేలితో తడవి చూచుచున్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసాన్ (1594–1665) రచించిన చిత్రమే దీనికి మూలము. అది పారిస్ నగరమున లూవ్ర ప్రదర్శనశాలలో నున్నది. ఐతే ఈ శిల్పమున బొమ్మ అద్దములోని ప్రతిబింబమువలె కుడియెడమలుగా మారినది. సమాధిపై మూలమున లేని మరియొక శవపేటికయు చేరినది.

సమాధిపై నున్న లాటిన్ వాక్యము ‘ఎట్ ఇన్ ఆర్కాడియా ఎగో’ అనునది. ఫలకమునకు దిగువ ‘ఓ యు ఓ ఎస్ వి ఎ వి వి’ అను ఎనిమిది అక్షరములు కలవు. వానికి క్రిందుగా ఒక ప్రక్క ‘డి’, రెండవ ప్రక్క ‘ఎమ్’ చెక్కబడినవి. ఎనిమిది అక్షరముల భావమేమో వివరించు మాట ఆ రాతిపై మరెక్కడను లేదు. గూఢార్థాన్వేషకుల కింతకంటె ఆకర్షణ యేమి కావలెను?

1982లో ప్రకటితమై విశేషముగా అమ్ముడుపోయిన ఒక ఆంగ్లగ్రంథము ఈ స్మారకమును ‘ప్రయరీ ఆఫ్ సయన్’ అను రహస్యసంఘముతోను, క్రీస్తు కడపటి విందునాటి పవిత్రపాత్ర గాథతోను ముడిపెట్టెను. లాటిన్ వాక్యములోని పదునాలుగు అక్షరములను తారుమారు చేసినచో ‘ఇ! తేగో ఆర్కానా దేయి’ – ‘పొమ్ము! దైవరహస్యములను నేను దాచియున్నాను’ – అను వాక్యము వచ్చునని లోకమున వ్యాపించినది. అక్షరములు లెక్కకు సరిపోవు మాట నిజమే. కాని రహస్యసంఘము ప్రాచీనమైనది కాదు. 1956లో ఫ్రాన్సున పియెర్ ప్లాంటార్ మున్నగువారు స్థాపించినది. దాని ప్రాచీనతకు సాక్ష్యములుగా పారిస్ జాతీయ గ్రంథాలయమున చేర్పబడిన పత్రములు కల్పితములని తేలినది. ఆధారమే కూలిన పిమ్మట అక్షరముల లెక్క యొక్కటి సరిపోయి ప్రయోజనమేమి?

తెలుగువారికి గూఢార్థము క్రొత్త కాదు. పింగళి సూరన రాఘవపాండవీయము ప్రతిపద్యమున రామాయణ భారత కథలను రెంటిని చెప్పును. కాని అది ద్వ్యర్థికావ్యమని కవియే చెప్పినాడు. రెండర్థములును తుదివరకు వ్యాకరణమునకు లోబడి నడచును. మన శాసనములలో శకవర్షమును అంకెలతో గాక ‘రస’, ‘నేత్ర’, ‘వేద’ వంటి మాటలతో తెలుపుటయు కలదు. రస మనిన ఆరు, నేత్ర మనిన రెండు, వేద మనిన నాలుగు. తెలియనివానికది చిక్కుముడి; సంకేత మెరిగినవానికి స్పష్టమైన తేదీ. చెప్పువాడును వినువాడును ముందే అంగీకరించిన మర్యాద యుండుటచే అక్కడ అర్థము నిలుచుచున్నది. పదునాలుగు అక్షరములను తారుమారు చేయుటకు అట్టి మర్యాద యేదియు లేదు. వ్యాకరణమైనచో ఊహకు కళ్ళెము వేయును; అక్షరముల మార్పిడి అన్ని కళ్ళెములను విప్పివేయును.

ఇక వాక్యమును వాక్యముగా చదువుదము. ఆర్కాడియా గ్రీసు దేశమున ఒక ప్రాంతము. రోమన్ కవి వర్జిల్ తన గోపగీతములలో దానిని నిశ్చింతమైన గొల్లల సీమగా తీర్చెను. ‘ఎట్’ అనగా ‘కూడ’, ‘ఇన్ ఆర్కాడియా’ అనగా ‘ఆర్కాడియాలో’, ‘ఎగో’ అనగా ‘నేను’. క్రియాపదము లేదు. ‘ఆయన మా అన్న’ అన్నప్పుడు తెలుగులోను క్రియాపదము లేదు. ఐనను అది వర్తమానమేయని అందరికిని తెలియును. భూతకాలము చెప్పవలెనన్న ‘ఉండెను’ అని చేర్చక తప్పదు. లాటిన్ మర్యాదయు సామాన్యముగా నిట్టిదే. ‘కూడ’ అను మాట చేరునది ‘ఆర్కాడియా’తో గాని ‘నేను’తో గాదు. కావున ‘నేనును ఒకప్పుడు ఆర్కాడియాలో నుంటిని’ అనుట పొసగదు. ‘ఆర్కాడియాలో కూడ నేనున్నాను’ అనుటయే సరియైన అర్థము.

ఈ ‘నేను’ ఎవరు? ఇటలీ చిత్రకారుడు గ్వెర్చీనో 17వ శతాబ్ది తొలిభాగమున రచించిన చిత్రమున ఇదే వాక్యముపై మానవ కపాలమున్నది. పలుకునది మృత్యువు! 1769లో సర్ జాషువా రేనాల్డ్స్ ఇదే వాక్యముగల సమాధియెదుట ఇద్దరు వనితలను చిత్రించెను. అది చూచి మహాపండితుడైన డాక్టర్ జాన్సన్ ఆ వాక్యము అర్థరహితమనెననియు, మూడవ జార్జి రాజు మాత్రము ఆర్కాడియాలోను మృత్యువు కలదని వెంటనే గ్రహించెననియు ఒక కథ ప్రసిద్ధము. కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1936 నాటి వ్యాసమున ఈ వాక్యమును విచారించి మరియొక సూక్ష్మమును చూపెను. లూవ్ర చిత్రమున పూసాన్ కపాలమును తొలగించి, భయమును శాంతమైన తలపోతగా మార్చెను. దానితో చూపరులకు పలుకునది మృత్యువు గాక సమాధిలోని మనుజుడే యని తోచెను. అక్షర మొక్కటియు మారలేదు; ప్రక్కనున్న బొమ్మ మారగా వినబడు గొంతు మారినది. నిజమైన గూఢార్థ మన్నచో ఇదియే. దీనిని కనుగొనుటకు రహస్యసంఘముతో పనిలేదు. ‘కూడ’ అను చిన్నమాట యెక్కడ చేరునో చూచిన చాలును.

‘డి’, ‘ఎమ్’ అను రెండక్షరములును సులభములే. రోమన్ సమాధులపై వేలకొలది కనబడు ‘డీస్ మానిబుస్’ – ‘పితృదేవతలకు’ – అను సమర్పణమునకవి పొడియక్షరములు. మన కార్యాలయములలో ‘యు.డి.సి.’ అన్న ఎవరికిని సందేహము కలుగదు. ఆ మూడక్షరములే యే రాతిమీదనో మిగిలి, కార్యాలయములు మరుగైన కాలమున బయటపడినచో ఎన్ని మంత్రార్థములు పుట్టునో!

మిగిలినవి ఎనిమిది అక్షరములు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్లెచ్‌లీ పార్కులో శత్రుసంకేతములను ఛేదించిన పనిలో పాల్గొన్న వృద్ధులు 2004లో వీనిని పరిశీలించిరి. అందరు అంగీకరించిన పరిష్కారము లభింపలేదు. అది వారి కొరత కాదు. ఎనిమిది అక్షరములకు తగినట్లు ఎన్ని వాక్యములనైన కూర్పవచ్చును. ఏది సరియో తేల్చుటకు చాలినంత పాఠము లేదు.

ప్రతిపాదితములలో ఒకటి మనసున కెక్కును: ‘ఉత్తమ భార్య, ఉత్తమ సోదరి యైనదాని సద్గుణములకు మిక్కిలి ప్రేమగల విధురుడు సమర్పించెను’ అని భావమిచ్చు లాటిన్ వాక్యము. భార్య అను అర్థముగల ‘ఉక్సోరిస్’ పదము ‘యు’తో మొదలగును, విధురుడు, సమర్పించెను, సద్గుణములకు అను మూడు పదములు ‘వి’తో మొదలగును. రాతిపై ‘యు’, ‘వి’ వేరువేరుగా నుండుటతో ఇది పొసగుచున్నది. జార్జి ఆన్సన్ భార్య ఎలిజబెత్ 1760లో మరణించెను. ఆతడు 1762లో గతించెను. థామస్ అవివాహితుడు. కావున విధురుడు జార్జియే కావలెను. ఐనను ఆ సోదరి ఎవరి సోదరియో అక్షరములు చెప్పవు. ఈ పాఠమును నిర్ధారించు లేఖ గాని లెక్కపత్రము గాని వెలువడలేదు. మనసునకు నచ్చుట ప్రమాణము కాజాలదు.

అందుచేత వివేకియైన చదువరి ఇక్కడ ఆగవలెను. వాక్యము మృత్యువును గూర్చినది. ‘డి’, ‘ఎమ్’ మృతులను గూర్చినవి. శిల్పము సమాధిని గూర్చినది. ఇంతవరకు రాయి స్పష్టముగనే పలుకుచున్నది. ఎవరి దుఃఖమో ఆ ఎనిమిది అక్షరములలో నుండవచ్చును. దానిని నిధికి దారిచూపు పటముగా మార్చినచో చరిత్రకు కలుగు హాని యటుండగా, శోకించినవారికి చేయు అపచారము అంతకంటె మిన్న. తెలిసిన రెండక్షరములను సరిగా చదివి, తెలియని ఎనిమిదింటిని తెలియనివిగనే భద్రముగ నుంచుట పరాజయము గాదు. రేపటి చదువరికి మిగిల్చిన ఆస్తి.