బెర్లిన్ నవలకు ఆధారాల వేట

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం చేస్తూ, కాలువల మీద రాసుకోక జర్మనీ మీద నవలేమిటని పొద్దున్నుంచి చాలామంది అడిగారు. పదో తరగతి సోషల్‌లో ఆ దేశం గురించి మనం చదివింది గుర్తుంది కదా: వర్సై సంధి, డబ్బు విలువ పడిపోవడం, హిట్లర్ రావడం. మూడు పాయింట్లు రాస్తే మార్కులు పడేవి. కానీ 1918 నవంబరుకీ 1933 జనవరికీ మధ్య పధ్నాలుగేళ్లకు పైగా ఉంది. ఆ ఏళ్లలో బతికినవాళ్లకు చివర ఏం రాబోతోందో తెలియదు. నా కథానాయకుడు బెర్లిన్ ఏఈజీ కర్మాగారంలో పనిచేసే ఫిట్టర్. వాడికి తెలియనిది నాకు తెలుసు. నవలకు పెద్ద ప్రమాదం అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. నోట్ల కట్టలతో పిల్లలు ఆడుకునే ఫోటో వాట్సాప్‌లో మీరంతా చూసే ఉంటారు. దాని కింద 'అందుకే హిట్లర్ వచ్చాడు' అని ఉంటుంది. 1923 నవంబరులో డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికిన మాట నిజమే. కానీ అదే నెలలో రెంటెన్‌మార్క్ వచ్చింది, ధరలు నిలబడ్డాయి. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 12 సీట్లు. అవి 1930లో 107, 1932 జూలైలో 230 అయ్యాయి. అప్పటి సమస్య ధరలు పెరగడం కాదు, పడిపోవడం. జీతాలు కోశారు, పనిలేనివాళ్లు 60 లక్షలకు చేరారు. రెండు వేర్వేరు విపత్తుల్ని ఒకటిగా కలిపేస్తే 1932లో నా ఫిట్టర్ చేతిలో నోట్ల బస్తా పెట్టేస్తాను. నిజానికి వాడి జేబు ఖాళీ.

ఇంకొకటి. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలు 34 సీట్లు పోగొట్టుకున్నారు. 1933 కొత్త సంవత్సరం నాడు గండం గడిచిందని నమ్మిన తెలివైనవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నెల 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఆ ముప్పై రోజుల నిశ్చింతను రాయాలంటే తర్వాత వచ్చిన పుస్తకాలు చాలవు, ఆనాటి కాగితాలు కావాలి.

మా శాఖలో ఎం-బుక్ అని ఒకటుంటుంది. కొలత తీసిన రోజే, తీసిన చోటే అందులో రాయాలి. తప్పు పడితే కొట్టేసి ఇనిషియల్స్ వేయాలి గాని చెరపకూడదు. పని పూర్తయ్యాక రాసే కంప్లీషన్ రిపోర్టు వేరు. అందులో అన్నీ ముందే అనుకున్నట్టు జరిగి ఉంటాయి! డైరీకీ ఆత్మకథకూ ఉన్న తేడా నాకు ఇలా అర్థమైంది. కౌంట్ హ్యారీ కెస్లర్ డైరీలు అచ్చమైన ఎం-బుక్. విప్లవం రోజులు, హత్యలు, విందులు, పుకార్లు ఏ రోజువి ఆ రోజు రాశాడు. కాకపోతే ఆయన ధనవంతుడు. మంత్రులతో భోంచేస్తాడు, బంగాళాదుంపల ధర ఆయనకు పట్టదు.

కంప్లీషన్ రిపోర్టుల్లో మరీ దారుణమైనవీ ఉన్నాయి. హెర్మన్ రౌష్నింగ్ అని డాంజిగ్ సెనేట్ అధ్యక్షుడిగా చేసినాయన, హిట్లర్ తనతో మనసు విప్పి మాట్లాడాడంటూ ఒక పుస్తకం రాశాడు. దశాబ్దాల పాటు అందరూ అందులోంచి మాటలు ఎత్తుకున్నారు. అందులో చాలా భాగం కల్పితమని 1980లలో తేలింది. హిట్లర్ జీవితచరిత్ర రాసిన ఇయాన్ కెర్షా, ఆ పుస్తకాన్ని ఒక్కచోట కూడా వాడలేదని ముందుమాటలోనే చెప్పాడు. సంభాషణలు మరీ రసవత్తరంగా ఉంటే నాకిప్పుడు అనుమానం వస్తుంది.

ఫుట్‌నోట్లు ఉన్నాయి కదా అని కూడా నమ్మడానికి లేదు. డేవిడ్ ఇర్వింగ్ పుస్తకాల నిండా ఫుట్‌నోట్లే. తనను విమర్శించిన డెబోరా లిప్‌స్టాట్ మీద ఆయన లండన్‌లో దావా వేస్తే, రిచర్డ్ ఎవాన్స్ అనే చరిత్రకారుడు ఆ ఫుట్‌నోట్ల వెంట మూలపత్రాల దాకా వెళ్లాడు. పత్రంలో ఉన్నదొకటి, పుస్తకంలో రాసిందొకటి. 2000లో ఇర్వింగ్ ఓడిపోయాడు. సిమెంటు కంపెనీ సర్టిఫికెట్ ఎంత బాగున్నా సైటులో క్యూబులు పోసి 28 రోజులాగి పగలగొట్టి చూస్తాం కదా, ఎవాన్స్ చేసిన పని అదే. ఆయన తర్వాత రాసిన 'ది కమింగ్ ఆఫ్ ది థర్డ్ రైక్' ఈ కాలం గురించి మొదట చదవాల్సిన పుస్తకమని నా అభిప్రాయం.

పత్రికల సంగతి తమాషాగా ఉంటుంది. 1929 మే 1న బెర్లిన్‌లో ఊరేగింపుల మీద నిషేధం ఉంది. కమ్యూనిస్టులు వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్చారు. మూడు రోజుల్లో ముప్పై మందికి పైగా చనిపోయారు. పోలీసు కమిషనర్ సోషల్ డెమోక్రాట్. ఆ పార్టీ పత్రిక 'ఫోర్‌వేర్ట్స్' కమ్యూనిస్టులే చేయించారంది. కమ్యూనిస్టుల 'రోటె ఫానె' పోలీసుల హత్యాకాండ అంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ వీధి, ఏ పూట అన్న విషయాలు కలుస్తాయి. అవి తీసుకోవచ్చు. దోషం ఎవరిదన్నది మాత్రం శవాల లెక్క చూసి తేల్చుకోవాలి. చచ్చిపోయినవాళ్లలో పోలీసు ఒక్కడూ లేడు. 'ఫోర్‌వేర్ట్స్' పాత సంచికలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. జర్మన్ పార్లమెంటు చర్చలు కూడా బవేరియా రాష్ట్ర గ్రంథాలయం వాళ్లు స్కాన్ చేసి పెట్టారు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది బెర్లిన్ అడ్రసు పుస్తకం. ఏ వీధిలో, ఏ నంబరు ఇంట్లో, ఏ వృత్తి చేసేవాళ్లు ఉన్నారో ఏటేటా అచ్చు వేసేవారు. వడ్రంగి, విధవరాలు, ట్రాము కండక్టరు ఒకే మెట్ల మీద ఎక్కి దిగేవారని అక్కడ కనిపిస్తుంది. కానీ అందులో ఇంటి పెద్ద పేరే ఉంటుంది. రాత్రి మంచం మాత్రం అద్దెకు తీసుకునే కుర్రాళ్లు ఉండరు. నా ఫిట్టర్ అలాంటివాడే, కాబట్టి వాడు ఆ పుస్తకంలో దొరకడు!

నాజీల్లో చేరిన మామూలు మనుషుల మాటలూ దొరుకుతాయి. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు థియోడర్ ఏబెల్ ఒక పోటీ పెట్టాడు. 1933కి ముందే పార్టీలో చేరినవాళ్లు తమ జీవితకథ రాయాలి, బాగా రాస్తే బహుమతి. ఆరు వందలకు పైగా వచ్చాయి. రైతులు, గుమాస్తాలు, పనిలేని కుర్రాళ్లు రాశారు. గెలిచిన పార్టీ గురించి, గెలిచాక, బహుమతి కోసం రాసినవని మర్చిపోకూడదు. అయినా ఏ సభకు ఎవరు పిలిస్తే వెళ్లారో, ఏ కొట్లాటలో దెబ్బలు తిన్నారో చదువుతుంటే రాక్షసులు కనిపించరు, పక్కింటివాళ్లు కనిపిస్తారు. నాకు నిద్రపట్టనిది అవి చదివిన రాత్రే.

మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉంది. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ ఆ ఏళ్లలో ఎక్కువ కాలం బెర్లిన్‌లోనే ఉన్నాడు. సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘానికి కార్యదర్శిగా చేసి, చివరికి మాస్కో వెళ్లి 1937లో స్టాలిన్ పాలనలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన కదలికల గురించి బ్రిటిష్ నిఘా విభాగం ఫైళ్లు లండన్‌లో ఉన్నాయి. వేగులవాడి రాత అది. ఎప్పుడు ఎక్కడున్నాడో చూసుకోవచ్చు గాని, మనసులో ఏముందో వేగుకేం తెలుసు? ఆయన్ని నా నవలలో ఒకే ఒక్క సన్నివేశంలో, దూరంగా, కాఫీ హోటల్లో కూర్చోబెట్టాను. నోట ఒక్క మాట పలికించలేదు.

చివరగా ఒక పని అడుగుతాను. మన బడి పిల్లలు జర్మనీలో చదువుతున్నారని సంఘం కార్యదర్శి గారు చెప్పారు. బెర్లిన్‌లో బ్రూనెన్ స్ట్రాసె మీద ఏఈజీ పాత గేటు ఇప్పటికీ నిలబడి ఉంది. అక్కడి నుంచి 1929లో కాల్పులు జరిగిన కోస్లినర్ స్ట్రాసె దాకా మామూలు నడకన ఎన్ని నిమిషాలో ఎవరైనా నడిచి చెప్పాలి. మ్యాపు దూరం చెబుతుంది గాని షిఫ్టు దిగి అలసిన మనిషి నడక చెప్పదు. చలికాలం సాయంత్రం నడిస్తే ఇంకా మంచిది. టీ దగ్గర నా నంబరు తీసుకోండి.