బుద్ధి, అభ్యాసము, పూర్వాభిప్రాయము



మనస్తత్త్వశాస్త్రము, సమాజశాస్త్రము అను పేర్లు తఱచుగా వినవచ్చుచున్నవి. వానియందలి మాటలు మన యిండ్లలోనివే యైనను శాస్త్రమందలి యర్థము వేఱు. ఈ భేద మెఱుగకున్న నష్టపడువారు మన బిడ్డలే. కావున మూడు మాటలను మాత్రము వివరింప బూనితిమి.

మొదటిది బుద్ధి. సాంఖ్యులు నిశ్చయించు శక్తిని బుద్ధి యనిరి. నైయాయికులు జ్ఞానమునే బుద్ధి యనిరి. అమరసింహుడు ధారణాశక్తి గల బుద్ధికి మేధ యని వేఱు పేరిడెను. నేటి శాస్త్రమందు బుద్ధి యనగా క్రొత్త చిక్కు వచ్చినప్పుడు విషయములను పోల్చి, తర్కించి, అనుభవమునుండి నేర్చుకొను సామర్థ్యము. కంఠపాఠము బుద్ధికి సాయమే గాని బుద్ధి కాదు. 1905లో ఫ్రాన్సు దేశపు బినే, సిమోన్ అను పండితులు, బడిలో ప్రత్యేక సహాయము వలసిన పిల్లలను గుర్తించుటకు పరీక్ష నేర్పఱచిరి. బుద్ధి యెన్నటికిని పెరుగని దను వాదమును 1909లో బినేయే ఖండించెను. మన పొరుగున మైసూరు విశ్వవిద్యాలయమున 1924లో ఎం. వి. గోపాలస్వామి గారి యాధ్వర్యమున ఈ శాస్త్రమునకు శాఖ వెలసెను.

ఇక మన సీమను జూడుడు. మడకశిరకు మూడు దిక్కుల కర్ణాటకమే. రొళ్ల, అగళి, అమరాపురము ప్రాంతములలో కన్నడము మాటలాడు ఇండ్లు పెక్కులు. అట్టి యింటి పిల్ల తెలుగున అడిగిన లెక్కకు తడబడవచ్చును; దానినే కన్నడమున నడిగినచో వ్రేళ్లు మడిచి చెప్పవచ్చును. అచట పరీక్షింపబడినది భాష గాని బుద్ధి కాదు. ఆ పిల్లను మందమతి యని బడి మాన్పించి వేరుసెనగ చేనికి కూలికి పంపుట యెంతటి యన్యాయము!

రెండవది అభ్యాసము. అనుభవమువలన నడవడిలో గలిగి, నిలిచియుండు మార్పే అభ్యాసము. రష్యా దేశపు పావ్లోవు, ఆహారమునకు ముందు మాటిమాటికి ఒక ధ్వని వినిపించగా, తుదకు ఆ ధ్వనికే కుక్క నోట లాలాజల మూరుట చూపెను. పుస్తకముతోపాటు బెత్తము చూచు బాలుడును అట్లే పుస్తకమును చూచి వడకును. అది సోమరితనము కాదు, నేర్చుకొన్న భయము. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించినది. ఇంటను అది వలదు.

మూడవది పూర్వాభిప్రాయము. మనిషి నెఱుగకయే అతని జాతినిబట్టి తీర్పు చెప్పుట యిది. 1922లో అమెరికా రచయిత లిప్‌మన్ ఇట్టి భావములకు అచ్చుపలక పేరు పెట్టెను; ఒకే పలకనుండి ప్రతులన్నియు ఒకటిగా వచ్చును గదా! ఇది కులసభ గాన ఒక మాట స్పష్టముగ జెప్పవలెను. స్వజనులను ప్రేమించుట వేఱు, పరులను చులకన చేయుట వేఱు. 1954లో ఆల్‌పోర్టు అను శాస్త్రజ్ఞుడు మొదటిదానికి రెండవది యవసరము గాదని చెప్పెను. ఆడుపిల్లకు గణితము రాదనుటయు మన యింటిలోని పూర్వాభిప్రాయమే.

కావున వదాన్యులకు మా విన్నపము: బహుమతులన్నియు మొదటి మార్కుల వారికే ఈయక, విద్యానిధిలో కొంత భాగము వెనుకబడిన పిల్లలకై, తెలుగు కన్నడము రెండును వచ్చిన ఉపాధ్యాయుని సాయంకాలపు పాఠములకు వినియోగింపుడు. మందుడను పేరు పెట్టుట సులభము. ఆ పేరు తుడుచుటకు ఏండ్లు పట్టును.