పిల్లల రాత – మాస్టార్ల కలయిక
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో పూర్వ ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. గుమాస్తాగా పనిచేసినవాడు చదువుల గురించి మాట్లాడటమేమిటని అనుకోవచ్చు. నా బల్ల మీదికి వచ్చిన అర్జీలు సగానికి సగం ఒకే చేతివ్రాతలో ఉండేవి. ఆఫీసు గేటు దగ్గర కూర్చుని అర్జీలు రాసిపెట్టే ఆయన చేతివ్రాత అది. అయిదారేళ్ళు బడికి వెళ్ళి, సంతకం చక్కగా పెట్టేవారు కూడా తమ కష్టం తాము రాసుకోలేక డబ్బిచ్చి రాయించుకునేవారు. వారికి అక్షరాలు వచ్చాయి గాని రాయడం రాలేదు.

చూచిరాత, ఉక్తలేఖనం అవసరమే. ఒత్తులు, గుణింతాలు వాటితోనే కుదురుతాయి. కాని వాటితోనే ఆగిపోతే పిల్లవాడికి సొంత మాట రాయడం అలవడదు.

ఈ బాధ కొత్తది కాదు. 1906-07 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్సు దొరగారికీ ఇదే సందేహం వచ్చింది: పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో రాయించేది మరొకటి ఎందుకు? పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరం నుంచి గురజాడ అప్పారావుగారు ఆయనతో చేయి కలిపారు. వ్యావహారిక భాషోద్యమానికి పునాది బడి పిల్లల రాతే. అది ఒక్కరి వల్ల అయిన పని కాదు.

దగ్గర బళ్ళు ఒకదానికొకటి తోడుగా ఉండాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానమూ స్కూల్ కాంప్లెక్సుల మాట మళ్ళీ ఎత్తింది. అయితే సర్క్యులర్లు చదివి, టీ తాగి, సంతకం పెట్టి వస్తే ఆ సమావేశాల వల్ల లాభం లేదు. ప్రతి మాస్టారూ తన తరగతి పిల్లల నోటుపుస్తకాలు అయిదు తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఈ పిల్ల చెప్పదలచుకున్నదేమిటి? ముందుగా దిద్దవలసిన తప్పు ఏది? మీ బడిలో ఎలా దిద్దుతున్నారు? ఒకరు ముందు నోటితో చెప్పించి తరువాత రాయిస్తారు. మరొకరు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరి రాత ఒకరికి చదివి వినిపించమంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా ఉన్న పంతులుగారికి ఈ ఉపాయాలు మరెక్కడ దొరుకుతాయి?

మనలోని విశ్రాంత ఉపాధ్యాయులు ప్రధానోపాధ్యాయుల అనుమతితో అలాంటి సమావేశాలకు నెలకొక పూట కేటాయించాలని నా మనవి. మిగిలినవారం మనుమల చేత వారానికొక ఉత్తరం రాయించుకుందాం. ముందు అందులోని విషయానికి జవాబిద్దాం. ఆ తరువాతే ఒక తప్పు, ఒక్కటే, చూపిద్దాం. పేజీ నిండా ఎర్రసిరా పడితే పిల్లవాడు మళ్ళీ కలం పట్టడు.

మన మనుమలు రేపు తమ అర్జీ తామే రాసుకోగలగాలి.