ప్రకటనల మాటలు - రైతు జాగ్రత్తలు



విత్తనం ఎంపిక, ఎరువుల మోతాదు, తెగుళ్ల నివారణ మనం తరచు చెప్పుకొనే సంగతులే. ఈ రోజు వాటన్నిటికంటే ముందు మన చెవిని పడేదాన్ని గురించి చెప్పుకొందాం. అది మాట. గోడమీది కాగితమైనా, దుకాణంలో పెట్టిన బొమ్మయినా, ఎన్నికల సభలో మైకయినా రైతును మాటతోనే పలకరిస్తాయి. ఆ మాట పచ్చి అబద్ధమైతే మనవాళ్లు ఇట్టే పసిగడతారు. చిక్కల్లా సగం నిజమైన మాటతోనే. చెప్పేవాడు సగం చెప్పి ఊరుకొంటాడు. మిగతా సగాన్ని మన ఆశ పూర్తి చేసుకొంటుంది. నష్టం వచ్చేది అక్కడే.

మన మొగల్తూరు ప్రాంతం పశ్చిమ డెల్టాకు కొసన, సముద్రం పక్కన ఉన్నది. శివారు చేలకు కాలువ నీరు ఆలస్యంగా చేరుతుంది. సార్వా నారుమడి ఒకసారి దెబ్బతింటే మళ్లీ పోసుకొనే వ్యవధి దొరకడం కష్టం. కావున పై ఊళ్లవారికంటే మనం మాటను మరింత పరీక్షించి తీసుకోవలెను.

ముందు విత్తన సంచిని చూడండి. సంచికి నీలిరంగు చీటీ ఉంటే అది ధృవీకరించిన విత్తనం. అంటే ధృవీకరణ సంస్థవారు పొలంలో పైరును చూసి, విత్తనాన్ని పరీక్షించి ఇచ్చినది. లేత ఆకుపచ్చ చీటీ ఉంటే దాన్ని 'ట్రూత్‌ఫుల్' విత్తనం అంటారు. పేరులో సత్యం ఉన్నది గదా, ఇదే మేలనుకోకండి. చీటీ మీది వివరాలకు అమ్మేవాడే పూచీ అని మాత్రమే దాని అర్థం. మంచి విత్తనం కూడా ఈ చీటీతో వస్తుంది. కాని బయటివారెవరో పరీక్షించారని భ్రమపడరాదు. వరికి మొలక కనీసం 80 శాతం ఉండాలి. పెద్ద అక్షరాల పేరు చూసి ఆగక, చిన్న అక్షరాల్లో ఉన్న మొలక శాతం, లాటు నెంబరు, పరీక్ష తేదీ, గడువు చదవండి. ఇంటివద్ద 100 గింజలు తడిగుడ్డలో కట్టి, మొలకలు లెక్కపెట్టండి. ఆ లెక్క ఏ ప్రకటనకన్నా నికరమైనది.

దిగుబడి మాటలో రెండు మెలికలున్నాయి. మొదటిది 'వరకు'. 'ఎకరాకు 45 బస్తాల వరకు' అన్నప్పుడు 45 వస్తాయని ఎవరూ చెప్పలేదు. 25 పండినా ఆ మాట తప్పు కాదు. రెండోది కొలత. '6 టన్నుల దిగుబడి' అని రాసి ఉంటే అది ఎకరాకా, హెక్టారుకా అని అడగండి. హెక్టారుకైతే మన 75 కిలోల బస్తాల్లో ఎకరాకు 32 బస్తాలే అవుతుంది. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకాన్ని మన రైతులు పక్కవాని చేలో కళ్లారా చూసి, విత్తనం అడిగి తెచ్చుకొన్నారు. కొత్త రకం ఏదైనా అట్లే చూసి తీసుకోవడం మేలు. అది కూడా మీ నేలవంటి నేలలో, ఉప్పునీటి సెగ తగిలే చేలో చూడాలి.

ఇక పురుగుమందులు. డబ్బా మీద మొనపై నిలబెట్టిన చదరం గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం. ఆకుపచ్చ అంటే విషం కానిదని కాదు. నాలుగింటిలో తక్కువ విషమని అర్థం. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం చీటీ మీద 'క్షేమకరం', 'హాని లేనిది' వంటి మాటలు రాయరాదు. రాతలో రాకూడని ఆ మాటే నోటితో చెప్పి అమ్మితే ఎట్లా నమ్ముతాం?

'అన్ని పురుగులకూ ఒకే మందు' అన్న మాట మరీ ప్రమాదం. మందు నమోదయ్యేది ఫలానా పంటకు, ఫలానా పురుగుకు. కనిపించిన పురుగునల్లా చంపే మందు, సుడిదోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను కూడా చంపుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన చేలో సుడిదోమ తగ్గకపోగా మరింత పెరగడం శాస్త్రజ్ఞులు గమనించినదే. డబ్బు పెట్టి దోమపోటును కొనుక్కోవడమంటే ఇదే.

రొయ్యల చెరువుల వారికి ఒక మాట. చెరువులో వాడే సరుకుపై తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు ఉన్నదంటే, అందులో నిషేధించిన యాంటీబయోటిక్ మందులు లేవని భరోసా. అది రోగాన్ని కుదురుస్తుందని ప్రభుత్వం పూచీ పడినట్లు కాదు. తెల్లమచ్చల వ్యాధిని నయంచేసే మందు లేదు. ఉన్నదని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఇప్పుడు రాజకీయపు మాటకు వద్దాం. ఏ పార్టీనీ మెచ్చడానికి, తిట్టడానికి కాదు, లెక్క చూడడానికి. 2008లో కేంద్ర ప్రభుత్వం రుణమాఫీ ప్రకటించింది. 2 హెక్టార్ల లోపు భూమి ఉన్నవారికి అర్హమైన బాకీ మొత్తం రద్దయింది. అంతకు మించినవారికి 75 శాతం కడితేనే 25 శాతం తగ్గింపు. అదీ గడువు మీరిన బాకీలకే. గడువుకు కట్టిన రైతుకు ఆ కేంద్ర పథకంలో ఏమీ రాలేదు. 2014 ఎన్నికల తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాఫీ అమలైంది. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర, తెలంగాణలో లక్ష రూపాయల పరిమితి పెట్టారు. పెద్ద బాకీలకు విడతలు పెట్టారు. సభలో వినిపించినది 'మాఫీ'. ఉత్తర్వులో ఉన్నది పరిమితి, విడత, అర్హత.

ఈ మాటకు ఖరీదు ఉన్నది. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే. మాఫీ వస్తుందని గడువు దాటించిన రైతు లక్షకు ఏడాదికి 3 వేల రాయితీ పోగొట్టుకొంటాడు. గడువు దాటాక పడే వడ్డీ వేరు. కావున ఉత్తర్వు చేతికి వచ్చేవరకు బాకీ ఆపవద్దు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన మాట 'రైతు'. మన డెల్టాలో చేను దున్నేవారిలో కౌలుదారులు ఎందరో ఉన్నారు. 2019లో వచ్చిన పి.ఎం. కిసాన్ పథకం ఏటా 6 వేలు ఇచ్చేది భూమి తమ పేర ఉన్న రైతు కుటుంబాలకు. బ్యాంకు బాకీ మాఫీ అయితే, షావుకారు దగ్గర అప్పు తెచ్చి సాగుచేసిన కౌలుదారుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. 'రైతులందరికీ' అన్నప్పుడు, కౌలురైతు కూడానా అని అక్కడే అడగండి. 2013లో సుప్రీం కోర్టు చెప్పినమీదట ఎన్నికల సంఘం ఒక నియమం పెట్టింది. ఎన్నికల ప్రణాళికలో వాగ్దానం చేస్తే, డబ్బు ఎక్కడినుండి తెస్తారో స్థూలంగా చెప్పాలి. కావున ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు.

ఏ మాట విన్నా అయిదు ప్రశ్నలు వేసుకోండి. ఎంత? ఎవరికి? ఎప్పటిలోగా? ఏ షరతు మీద? ఎక్కడ రాసి ఉన్నది? జవాబు దొరకని మాటకు పెట్టుబడి పెట్టవద్దు.

కొన్నదానికి రసీదు తీసుకోండి. ఖాళీ సంచి, చీటీ, గుప్పెడు విత్తనం పంట చేతికి వచ్చేదాకా దాచండి. మొలక రాకపోతే వెంటనే వ్యవసాయాధికారికి రాతమూలకంగా తెలపండి. ఆంధ్రప్రదేశ్ రైతులు నాసి విత్తనంపై జాతీయ విత్తన సంస్థతో పోరాడిన కేసులో, రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా కూడా పెట్టింది.

వ్యవసాయ సహాయకులకు నా మనవి. ఈ నియమం మనకూ వర్తిస్తుంది. 'ఇది వేస్తే తప్పక పండుతుంది' అనకండి. ఏ నేలలో, ఏ నీటితో, ఎన్ని బస్తాలు పండిందో చెప్పండి. పండని చోటు కూడా చెప్పండి. రైతు మన మాట విని మడి కడతాడు గనుక, మన మాటకు కూడా తూకం ఉండవలెను.